బెనిఫ్యాక్టర్ – అర్థం, పర్యాయపదాలు



సావనీరుకు ఏదైనా రాసివ్వమని కమిటీవారు అడిగినప్పుడు, నాకు వచ్చిన పని ఇంగ్లీషు పాఠం చెప్పడం ఒక్కటేనని అన్నాను. “అయితే పాఠమే రాయండి మేడమ్” అన్నారు. అందుకే ఈ నాలుగు పేజీలనూ తరగతి గది అనుకుని ఒక ఇంగ్లీషు నామవాచకాన్ని తీసుకుంటున్నాను. ఆ మాట బెనిఫ్యాక్టర్.

ఈ మాటనే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఏ సంస్థ సావనీరు తీసుకున్నా చివరి పేజీల్లో పేర్ల జాబితాలుంటాయి. వాటి పైన పేట్రన్లు, డోనర్లు, బెనిఫ్యాక్టర్లు, వెల్‌విషర్లు అని శీర్షికలుంటాయి. ఎవరి పేరు ఎక్కడ వేయాలో ఇచ్చిన మొత్తాన్ని బట్టి తేలుస్తారు. నిఘంటువు మాత్రం మొత్తాన్ని చూడదు, చేసిన పనిని చూస్తుంది. ఇది మొదటి కారణం. రెండోది, నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న. దాని సంగతి పాఠం మధ్యలో చెబుతాను.

మాట పుట్టుక

బెనిఫ్యాక్టర్ లాటిన్ నుంచి వచ్చిన మాట. ఇందులో రెండు ముక్కలున్నాయి. ‘బెనె’ అంటే మేలుగా, చక్కగా. ‘ఫ్యాక్టర్’ అంటే చేసేవాడు. రెండూ కలిపితే మేలు చేసేవాడు. పలికేటప్పుడు మొదటి అక్షరం ‘బె’ మీద ఊనిక పెట్టాలి.

‘చేయడం’ అనే అర్థమున్న ఈ రెండో ముక్క మనకు కొత్తది కాదు. ఫ్యాక్టరీ అంటే వస్తువులు చేసేచోటు. ఫ్యాక్ట్ అంటే జరిగినది, చేయబడినది. మాన్యుఫ్యాక్చర్ అంటే మొదట్లో చేత్తో చేయడం. అన్నిటిలోనూ ఆ ధాతువే ఉంది. పిల్లలకు ఇలా చెబితే ఒక మాటతో పాటు నాలుగు మాటలు వచ్చేస్తాయి.

మొదటి ముక్కకూ పెద్ద కుటుంబమే ఉంది. బెనిఫిట్ అంటే మేలు, లాభం. బెనిఫిషియల్ అంటే మేలు కలిగించేది. బెనిఫ్యాక్షన్ అంటే చేసిన మేలు. బెనెడిక్షన్ అంటే మేలుగా పలకడం, అంటే ఆశీర్వచనం, మన దువా. బెనవొలెంట్ అంటే మేలు కోరే గుణం గలవారు. కోరడం, పలకడం, చేయడం మూడూ మంచివే. అయినా వెల్‌విషర్ మేలు కోరుతాడు, బెనిఫ్యాక్టర్ మేలు చేస్తాడు. తేడా అక్కడే ఉంది.

దీనికి వ్యతిరేక పదం మేలిఫ్యాక్టర్, అంటే కీడు చేసేవాడు, నేరస్థుడు. మలేరియా అన్న మాటలో ‘చెడు’ అని చెప్పే ముక్క ఏదో, ఇక్కడ ఉన్నదీ అదే. ఒకప్పుడు చెడుగాలి వల్ల ఆ జ్వరం వస్తుందనుకునేవారు కనుక దానికి ఆ పేరు వచ్చింది.

పర్యాయపదాలు

పర్యాయపదాలంటే అచ్చంగా ఒకే అర్థమున్న మాటలని పిల్లలు అనుకుంటారు. అలా ఉండవు. అన్నదమ్ముల్లా పోలికలుంటాయి, స్వభావాలు వేరుగా ఉంటాయి.

డోనర్: ఇచ్చేవాడు. లాటిన్‌లో ‘డోనుమ్’ అంటే బహుమానం. మన ‘దానం’, లాటిన్ ‘డోనుమ్’ ఒకే మూలం నుంచి చీలిన మాటలని భాషాశాస్త్రం చెబుతుంది. రక్తం ఇచ్చినా, కన్ను ఇచ్చినా, వంద రూపాయలిచ్చినా డోనరే. ఇవ్వడంతో ఈ మాట పని అయిపోతుంది. ఇచ్చింది ఎవరికి చేరింది, ఏం మేలు జరిగింది అన్నది ఇందులో లేదు.

కంట్రిబ్యూటర్: పదిమందితో కలిసి తన వంతు ఇచ్చేవాడు, మన చందాదారు. ఈ మాటలో ‘కలిసి’ అన్న అర్థం దాగి ఉంది. మసీదు పెట్టెలో పది రూపాయలు వేసిన కూలీ, పదివేలు వేసిన వ్యాపారి ఇద్దరూ కంట్రిబ్యూటర్లే.

స్పాన్సర్: ఈ రోజుల్లో ప్రకటనలిచ్చే కంపెనీలకు వాడుతున్నాం గానీ, అసలు అర్థం గంభీరమైనది. లాటిన్‌లో దీని మూలానికి గట్టిగా మాట ఇవ్వడమని అర్థం. ఒకరి తరఫున పూచీ పడేవాడు స్పాన్సర్. డబ్బు కంటే ముందు మాట ఇస్తాడు.

పేట్రన్: పోషకుడు. లాటిన్‌లో తండ్రి అనే మాట నుంచి వచ్చింది. ప్రాచీన రోములో బానిసను విడుదల చేసిన యజమాని, ఆ తర్వాత అతనికి పేట్రన్ అయ్యేవాడు. అంటే ఈ మాటలో రక్షణ ఉంది, పైన నిలబడటం కూడా ఉంది. అందుకే దీని నుంచి పుట్టిన పేట్రనైజింగ్ అనే విశేషణానికి, ఎదుటివారిని తక్కువ చేసి మాట్లాడే ధోరణి అనే అర్థం వచ్చింది. హోటలుకూ గ్రంథాలయానికీ వచ్చేవారిని కూడా ఇంగ్లీషులో పేట్రన్లంటారు. అక్కడ ఆదరించేవారు అని అర్థం చేసుకోవాలి.

ఫిలాంత్రపిస్ట్: ఇది గ్రీకు మాట. ‘ఫిలోస్’ అంటే ప్రేమించేవాడు, ‘ఆంత్రోపోస్’ అంటే మనిషి. మానవజాతి మీద ప్రేమతో పెద్ద ఎత్తున మంచి పనులు చేసేవారికి వాడతారు. పక్కింటి పాపకు ఫీజు కట్టిన ఆయనను ఫిలాంత్రపిస్ట్ అంటే మాట బరువెక్కుతుంది. బెనిఫ్యాక్టర్ అంటే సరిపోతుంది.

అంటే డోనర్‌ను చెక్కు చూసి గుర్తుపట్టవచ్చు. బెనిఫ్యాక్టర్‌ను గుర్తుపట్టాలంటే మేలు పొందిన మనిషిని చూడాలి. ఆ మనిషికి నిజంగా మేలు జరిగితేనే ఈ మాట చెల్లుతుంది.

ఒక విద్యార్థిని ప్రశ్న

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. పదో తరగతి వరకు నా దగ్గరే చదివింది. తండ్రి లేడు. తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒకచోట ఫీజు సాయం పంపిణీ సభ జరిగింది. వేదిక మీద పేర్లు పిలిచే పని నాకు అప్పగించారు. నిర్వాహకులు ఇచ్చిన కాగితం మీద బెనిఫిషియరీ నంబరు ఒకటి, రెండు అని ఉంది. నేనూ అలాగే మైకులో పిలిచాను. “బెనిఫిషియరీ నంబర్ సెవెన్” అన్నప్పుడు ఆ అమ్మాయి లేచి వచ్చింది. చెక్కు పట్టుకుంది. ఒక వైపు ముగ్గురు, ఇంకో వైపు నలుగురు నిలబడ్డారు. ఫొటో తీశారు. సాయంత్రానికి ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది.

మరుసటి సంవత్సరం ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టలేదు. మరిచిపోయిందేమోనని ఇంటికి వెళ్లాను. తల్లి కమ్మలు కుదువపెట్టి సగం ఫీజు కట్టారని తెలిసింది. మిగతా సగానికి గడువు దగ్గరపడుతోంది. “దరఖాస్తు ఎందుకు పెట్టలేదమ్మా?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “మేడమ్, బెనిఫ్యాక్టర్‌కు వ్యతిరేక పదం బెనిఫిషియరీయేనా?”

నేను టీచర్ని కదా, వెంటనే సరిదిద్దాను. “కాదమ్మా, వ్యతిరేక పదం మేలిఫ్యాక్టర్. పదోతరగతిలో చెప్పాను కదా” అన్నాను.

“అవును మేడమ్. కానీ ఆ రోజు స్టేజీ మీద నాకు వ్యతిరేకమనే అనిపించింది” అంది.

నా జవాబు పరీక్షకు సరైనదే. ఆ పిల్లకు మాత్రం సరిపోలేదు. ఆ మాటను మైకులో పిలిచింది నా గొంతే. ఇంటికొచ్చాక నిఘంటువు తీసి, ఎన్నోసార్లు బోధించిన బెనిఫిషియరీ అనే మాటను కొత్తగా చదివాను.

బెనిఫిషియరీ అంటే ఎవరు?

తెలుగులో లబ్ధిదారు అంటున్నాం. ‘లబ్ధి’ సంస్కృతం, ‘దారు’ పారశీకం నుంచి వచ్చింది. ప్రభుత్వ పథకాల వల్ల ఈ మాట ఊరూరా తెలిసింది. బెనిఫిషియరీ అంటే చేయి చాచి నిలబడినవారని మన మనసులో ఒక బొమ్మ ఏర్పడిపోయింది. ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో ఈ మాటకున్న అర్థం వేరు. ఒక ట్రస్టు ఏర్పడినప్పుడు ఆస్తిని నిర్వహించేవారు ట్రస్టీలు, ఆ ఆస్తి ఎవరి మేలు కోసమో వారు బెనిఫిషియరీలు. బెనిఫిషియరీకి అక్కడ హక్కు ఉంటుంది. ట్రస్టీ లెక్క చెప్పాల్సి ఉంటుంది. వీలునామాలో వాటా రాసి ఉన్న వ్యక్తినీ బెనిఫిషియరీ అనే అంటారు. ఆ వ్యక్తిని బిచ్చగాడని ఎవరూ అనరు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. సంపన్నుల సొమ్ములో అడిగేవారికీ, లేమికి గురైనవారికీ తెలిసిన హక్కు ఉందని దివ్య ఖుర్ఆన్ సూరా మఆరిజ్ 24, 25 ఆయతులు బోధిస్తాయి. జకాత్ ఎవరెవరికి చెందుతుందో సూరా తౌబా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా చెప్పింది. కాబట్టి జకాత్ ఇచ్చే మనిషి ఒకరి హక్కును వారికి చేరవేస్తున్నాడు. వక్ఫ్ ఆస్తిని చూసే ముతవల్లీ కూడా అంతే, అతను దానికి యజమాని కాడు.

బెనిఫ్యాక్టర్, బెనిఫిషియరీ వ్యతిరేక పదాలు కావు. గురువు, శిష్యుడు లాంటి జంట పదాలు. శిష్యుడు లేకుండా గురువు లేనట్టే, రెండో మాట లేకుండా మొదటి మాటకు అర్థం లేదు. ఆ రోజు ఆ అమ్మాయికి నేను చెప్పవలసిన జవాబు ఇది.

ఉపకారి, మొహ్సిన్

మన రెండు భాషల్లోనూ ఈ మాటకు దీటైన మాటలున్నాయి. తెలుగులో ఉపకారి. ‘ఉప’ అంటే దగ్గర, ‘కారి’ అంటే చేసేవాడు. దగ్గరగా నిలబడి చేసేవాడే ఉపకారి. స్కాలర్‌షిప్‌ను మనం ఉపకారవేతనం అనడంలో ఆ దగ్గరితనం ఉంది.

ఉర్దూలో మొహ్సిన్ అంటాం. అరబీ నుంచి వచ్చిన మాట. ఎహ్సాన్ చేసేవాడు మొహ్సిన్. ఎహ్సాన్ అంటే మేలు చేయడం, ఏ పనినైనా అందంగా చేయడం. హుస్న్, అంటే అందం, ఈ మాటకు తోబుట్టువే. బెనెతో ఫ్యాక్టర్ చేరినట్టే ఇక్కడా మేలూ చేయడమూ కలిశాయి. జిబ్రీల్ (అలైహిస్సలాం) ఎహ్సాన్ గురించి అడిగినప్పుడు, అల్లాహ్‌ను చూస్తున్నట్టుగా ఆరాధించడం, మనం చూడలేకపోయినా ఆయన మనల్ని చూస్తున్నాడని ఎరిగి ఉండటం అని దైవప్రవక్త (స) వివరించినట్టు హదీసులో ఉంది.

అంత గొప్ప మాటను మన ఇళ్లలో ఎలా వాడుతున్నామో చూడండి. ఎహ్సాన్ జతానా అంటాం, అంటే చేసిన మేలును గుర్తుచేసి దెప్పిపొడవడం. ఎహ్సాన్ అంటే తీర్చలేని రుణం అన్నట్టుగా మాట్లాడతాం. దెప్పిపొడవడం, మనసు నొప్పించడం చేసిన దానాన్నే వ్యర్థం చేస్తాయని సూరా బఖరా 264వ ఆయతు హెచ్చరిస్తుంది. అదే సూరా 273వ ఆయతు, పట్టుబట్టి అడగని పేదల గురించి, వారి అభిమానం చూసి తెలియనివారు వారిని ఉన్నవారనుకుంటారని చెబుతుంది. ఆ ఆయతు చదివినప్పుడల్లా నాకు కమ్మలు లేని ఆ తల్లి చెవులు గుర్తుకొస్తాయి.

ఇద్దరు బెనిఫ్యాక్టర్లు

ఒకరు కథలోని మనిషి. ఛార్లెస్ డికెన్స్ 1860–61లో రాసిన గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ నవలలో పిప్ అనే పేద పిల్లవాడు ఉంటాడు. అతనికి ఒక వకీలు ద్వారా పెద్ద సాయం అందుతుంది. ఇచ్చిందెవరో అడగకూడదన్నది షరతు. ఊళ్లోని ధనవంతురాలు మిస్ హావిషామ్ ఇచ్చి ఉంటుందని పిప్ ఏళ్ల తరబడి అనుకుంటాడు. నిజానికి ఇచ్చింది మాగ్విచ్ అనే ఖైదీ. చిన్నప్పుడు శ్మశానంలో ఎదురుపడి బెదిరిస్తే, పిప్ ఇంట్లోంచి తిండి, ఆకురాయి తెచ్చి ఇచ్చింది అతనికే. ఆస్ట్రేలియాకు పంపబడ్డ ఆ ఖైదీ, అక్కడ గొర్రెలు పెంచి సంపాదించి, ఆ పిల్లవాడిని పెద్దమనిషిని చేయాలనుకున్నాడు. తను తయారుచేసిన పెద్దమనిషిని కళ్లారా చూసుకోవాలని వచ్చినప్పుడు పిప్‌కు మొదట కలిగింది అసహ్యం. చివరికి అతని చేయి పట్టుకుని పక్కనే ఉంటాడు. తరగతిలో నేను అడిగే ప్రశ్న ఒకటే: వీరిద్దరిలో బెనిఫ్యాక్టర్ ఎవరు? తెలివైన పిల్లలు ఇద్దరూ అంటారు. మొదట పెట్టింది ఆ పిల్లవాడే కదా!

రెండో మనిషి చరిత్రలోనివారు, పేరులోనే మొహ్సిన్ ఉన్నవారు. బెంగాల్‌లోని హుగ్లీకి చెందిన హాజీ ముహమ్మద్ మొహ్సిన్ 1732లో జన్మించారు. సవతి సోదరి మన్నుజాన్ ఆస్తి ఆయనకు దక్కింది. పెళ్లి చేసుకోలేదు. 1806లో ఆస్తిని వక్ఫ్ చేశారు. 1812లో మరణించారు. ఆ నిధితో 1836లో హుగ్లీలో కళాశాల ఏర్పడింది. అదే నేటి హుగ్లీ మొహ్సిన్ కళాశాల. అందులో అన్ని మతాల పిల్లలూ చదివారు. బంకించంద్ర ఛటర్జీ అక్కడి విద్యార్థే. కళాశాల మొదలయ్యేనాటికి ఇచ్చిన మనిషి పోయి 24 ఏళ్లు. అక్కడ చదివిన ఏ విద్యార్థీ ఆయన ముందు నిలబడి కృతజ్ఞత చెప్పలేదు. మేలు మాత్రం జరిగింది.

పాఠం నుంచి పనికి

దాతల పేర్లు అచ్చు వేయకూడదని నేను అనడం లేదు. బహిరంగంగా ఇవ్వడమూ మంచిదే, రహస్యంగా పేదలకు ఇవ్వడం మరింత మంచిదని సూరా బఖరా 271వ ఆయతు సారం. ఒకరి పేరు చూసి ఇంకొకరు ముందుకొస్తారు. కానీ ఇచ్చినవారి పేరు వేస్తే తీసుకున్నవారి పేరు కూడా వేయాలన్న నియమం ఎక్కడా లేదు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేయికి తెలియకూడదన్న హదీసు మనందరికీ తెలిసిందే. ఎడమచేయి సంగతి అలా ఉంచి, కనీసం వాట్సాప్‌కు తెలియకుండా చూడవచ్చు.

ఒక టీచరుగా నా మనవులు నాలుగు.

1. ఫీజు సొమ్మును నేరుగా కళాశాల ఖాతాకు చెల్లించండి. రసీదు విద్యార్థి ఇంటికి పంపండి. లెక్క పక్కాగా ఉంటుంది, వేదిక అవసరం ఉండదు.

2. ఫొటో కావాలంటే కట్టిన గదిది, కొన్న పుస్తకాలది తీయండి. పిల్లల ముఖాలు వద్దు.

3. దరఖాస్తు ఫారంలో, మైకులో బెనిఫిషియరీ అనే మాట బదులు విద్యార్థి అనండి. అది వారి అసలు పేరు.

4. వీలైతే స్పాన్సర్ అనే మాటను పాత అర్థంలో తీసుకోండి. ఒక్క ఏడాది ఇచ్చి ఆపకుండా, చదువు పూర్తయ్యేదాకా మాట ఇవ్వండి. మొదటి సంవత్సరం సాయం అంది రెండో సంవత్సరం అందక మానేసిన పిల్లలను నేను చూశాను. సగం కట్టిన వంతెన మీద నుంచి ఎవరూ అవతలికి వెళ్లలేరు.

ఆ అమ్మాయి మిగతా ఫీజును మనలో ఒకరు నేరుగా కళాశాలకు కట్టారు. ఎవరో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఇంటర్ పాసై ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సాయంత్రాలు వీధిలో పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దిస్తోంది. మొన్న కలిసినప్పుడు అడిగింది: “మేడమ్, వాళ్లకు దువా చేయాలంటే పేరు తెలియాలా?”

“అక్కర్లేదమ్మా. ఎవరికి చేరాలో అల్లాహ్‌కు తెలుసు” అన్నాను. ఈసారి నా జవాబు ఆమెకు సరిపోయింది.

అభ్యాసం

పాఠం చివర అభ్యాసం ఇవ్వకపోతే నాకు తోచదు. జవాబులు ఎవరికీ చూపనక్కర్లేదు.

అ) మీ చదువుకు, మీ వ్యాపారానికి మొదట చేయందించిన బెనిఫ్యాక్టర్ పేరు రాయండి.

ఆ) ఆ మేలు అందుకున్న రోజు మిమ్మల్ని ఎవరైనా వేదిక ఎక్కించారా? ఎక్కించి ఉంటే మీకు ఎలా ఉండేది?

ఇ) డోనర్, పేట్రన్, స్పాన్సర్, బెనిఫ్యాక్టర్. వచ్చే సంవత్సరం మీకు తగిన మాటను ఎంచుకుని, దాని అర్థానికి సరిపోయే ఒక పని చేయండి.